కోన్యాలో శనివారం రాత్రి: ఇంటిల్లిపాదీ కలిసి సూఫీ సెమా చూసి, ఊరి వంట తినాలంటే ఎలా?

టర్కీ టూర్ అనగానే మనవాళ్ళు ఇస్తాంబుల్, కప్పడోకియా బెలూన్లు, మహా అయితే పముక్కలే రాసుకుంటారు. ఆ లిస్టులో కోన్యాకి ఒక్క రాత్రి ఇవ్వండి. అది శనివారం రాత్రి అయ్యేలా చూసుకోండి. జలాలుద్దీన్ రూమీ జీవితంలో ఎక్కువ భాగం గడిపి, 1273 డిసెంబర్ 17న కన్నుమూసిన ఊరిది. టర్కీలో అందరూ ఆయన్ని మెవ్లానా అంటారు. తెల్లటి గౌన్లు విచ్చుకునేలా గిరగిరా తిరిగే సూఫీల ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఆ సెమాని దాని సొంత ఊళ్ళో పిల్లలతో, పెద్దవాళ్ళతో కలిసి చూడాలంటే ఏం చేయాలో వరసగా చెప్తాను.

చాలామంది సెమాకి ఒక టికెట్, ఎక్కడో డిన్నర్‌కి ఒక టేబుల్ విడివిడిగా బుక్ చేసుకుని సరిపెట్టుకుంటారు. కోన్యాలో ఈ రెండూ ఒకే గడప లోపల పెరిగినవి. పాతకాలంలో మెవ్లెవీ సూఫీల దగ్గర, అంటే మెవ్లానా బాటలో నడిచేవాళ్ళ దగ్గర చేరాలనుకున్నవాడు ముందు వాళ్ళ వంటింట్లో 1001 రోజులు సేవ చేయాలి. గుండ్రంగా తిరగడం నేర్పే చెక్క పలక ఉండేదీ ఆ వంటింట్లోనే. అందుకే మీ రోజుని కూడా ఆ వరసలోనే నడపమంటాను: ముందు వంటిల్లు చూడాలి, తర్వాత ఊరి భోజనం చేయాలి, రాత్రికి సెమాకి వెళ్ళాలి. అలా వెళ్తే హాల్లో కూర్చున్నప్పుడు పదేళ్ళ పిల్లాడికి కూడా చూడ్డానికి బోలెడు దొరుకుతుంది.

మొదటి పని: తేదీ కుదుర్చుకోవడం

కోన్యాలోని మెవ్లానా కల్చరల్ సెంటర్‌లో సెమా జరిగేది మామూలుగా శనివారం సాయంత్రం, ఏడు గంటల ప్రాంతంలో. సీజన్‌ని బట్టి వేళ మారుతుంటుంది. ఎండాకాలంలో వేరే రోజుల్లో కూడా ప్రోగ్రాములు పెడుతుంటారు. కాబట్టి విమానం టికెట్లు తీసుకునే ముందే ఆ వారం షెడ్యూల్ చూసుకోండి. హోటల్‌కి ఒక మెసేజ్ పెట్టినా వాళ్ళు చెప్తారు. మామూలు వారాల్లో టికెట్లకి పెద్ద టెన్షన్ ఉండదు. అయినా కుటుంబం మొత్తానికి పక్కపక్క సీట్లు కావాలంటే ముందే తీసుకోవడం మంచిది.

డిసెంబర్ 7 నుంచి 17 వరకు మాత్రం సంగతి వేరు. రూమీ వర్ధంతిని అక్కడ షెబి అరూస్ అంటారు, అంటే పెళ్ళి రాత్రి. చావుని ప్రియుడైన దేవుణ్ణి కలుసుకోవడంగా ఆయన చూశాడు కాబట్టి ఆ రోజు ఏడుపులుండవు, పండగ చేసుకుంటారు. ఆ రోజులన్నీ ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. హోటళ్ళు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. దానికితోడు కోన్యా సముద్రమట్టానికి 1000 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. డిసెంబర్ రాత్రుళ్ళు సున్నా కిందకి పోతాయి. పసిపిల్లలతో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తుంటే ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఏదో ఒక శనివారం ఎంచుకోండి. వర్ధంతికి వెళ్ళిన తృప్తి వేరే, కాదనను. కానీ మొదటిసారి, అదీ కుటుంబంతో అయితే రద్దీ లేని రోజే మేలు.

రంజాన్ నెల పడిందేమో కూడా చూసుకోండి. కోన్యా భక్తి ఎక్కువున్న ఊరు. ఆ నెలలో పగలు చాలా హోటళ్ళు మూసి ఉంటాయి. ఇఫ్తార్ వేళకి ఒక్కసారిగా నిండిపోతాయి.

ఇక ప్రయాణం. ఇస్తాంబుల్ ఆసియా వైపు నుంచి హైస్పీడ్ రైలెక్కితే దాదాపు ఐదు గంటలు, అంకారా నుంచి అయితే రెండు గంటల లోపే. కప్పడోకియా నుంచి బస్సులో మూడు గంటల దారి. రైల్లో వెళ్ళేవాళ్ళు టికెట్ మీద దిగాల్సిన స్టేషన్ పేరు చూసుకోవాలి, కోన్యాలో హైస్పీడ్ రైలు ఆగే స్టేషన్లు ఒకటి కంటే ఎక్కువ. శనివారం పొద్దున్నే దిగేలా కాకుండా శుక్రవారం రాత్రికే చేరుకుంటే పిల్లలు సాయంత్రానికి నిద్రమొహాలతో ఉండరు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి వీసా కావాలి. అమెరికా, యూకే, షెంగెన్, ఐర్లాండ్ వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ చెల్లుబాటులో ఉంటే ఈ-వీసా దొరుకుతుంది. అక్కడ స్థిరపడిన మన పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చే తల్లిదండ్రులకి ఇది బాగా పనికొస్తుంది.

రెండో పని: ఇంట్లోవాళ్ళకి ముందే నాలుగు మాటలు చెప్పి ఉంచడం

దుబాయ్‌లో ఉన్నవాళ్ళు డెసర్ట్ సఫారీలో గిరగిరా తిరుగుతూ చేసే తనూరా చూసి ఉంటారు. రంగురంగుల గౌన్లు, లైట్లు, ఈలలు, చప్పట్లు. అది ఈజిప్టు నుంచి వచ్చిన ప్రదర్శన కళ, దాని సరదా దానిది. కోన్యా సెమా దానికి చుట్టమే గానీ ఇది ప్రార్థన. ఈ తేడా ముందే చెప్పకపోతే పిల్లలు అక్కడ డీజే కోసం ఎదురుచూస్తారు.

దర్గాకి ఇంటిల్లిపాదీ వెళ్ళడం మనకి కొత్తేం కాదు. కడప పెద్ద దర్గాకి గానీ, హైదరాబాద్ నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాకి గానీ మతంతో పనిలేకుండా జనం వెళ్తూనే ఉంటారు. అయితే ఖవ్వాలీలో నచ్చిన చోట వాహ్వా అంటాం, ముందుకెళ్ళి నోటు పెడతాం. సెమాలో అవేవీ ఉండవు. మొదటి నుంచి చివరి దాకా మౌనంగా చూడాలి, అయిపోయాక కూడా చప్పట్లు కొట్టకూడదు.

బట్టల సంగతి పిల్లలకి బాగా పడుతుంది. సెమా చేసేవాళ్ళని సెమాజెన్ అంటారు. తలమీద గోధుమరంగు పొడవాటి ఉన్ని టోపీ పేరు సిక్కే, అది అహంకారానికి నిలబెట్టిన సమాధి రాయి. పైన కప్పుకున్న నల్లటి హిర్కా ఆ సమాధి. లోపలి తెల్లటి గౌను తెన్నూరే, అది శవానికి చుట్టే కఫన్ గుడ్డ. నల్ల అంగీ తీసి కింద పెట్టి తెల్లగా పైకి లేచారంటే లోకాన్ని వదిలి కొత్తగా పుట్టారని. ఈ మూడు ముక్కలు తెలిస్తే మొదటి పావుగంట ఎవరూ బోర్ అనరు.

ఒక కథ కూడా చెప్పండి. రూమీ ఇంటి వంటవాడు ఆతెష్‌బాజ్ వేలీ. ఒకరోజు కట్టెలైపోయాయని వచ్చి చెప్పాడట. అయితే నీ కాళ్ళు పెట్టు అన్నాడట రూమీ. పొయ్యి కింద కాళ్ళు పెడితే బొటనవేళ్ళ నుంచి మంట లేచి కడాయి మరిగిందట. మధ్యలో ఒక్క క్షణం కాలిపోతుందేమోనని అనుమానం వచ్చిందట. అంతే, ఎడమకాలి బొటనవేలు కాలింది. గురువు ముందు ఆ సిగ్గు కనపడకుండా కుడికాలి వేలుని దానిమీద వేసి నిలబడ్డాడట. ఇప్పటికీ సెమాజెన్లు వంగి సలాం చేసేటప్పుడు కుడి బొటనవేలిని ఎడమ బొటనవేలి మీద ఆనించి నిలబడతారు. రాత్రి హాల్లో దాన్ని ముందుగా ఎవరు పట్టుకుంటారో చూద్దామని పిల్లలతో పందెం కట్టండి. ఒక వంటవాడి కాలివేలు ఇన్ని వందల ఏళ్ళుగా సెమాలో నిలిచిపోయిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మూడో పని: పొద్దున్నే దర్గా వంటిల్లు చూడటం

అక్కడి ఆనవాయితీ ప్రకారం ముందు రూమీకి ఆప్తుడూ గురువూ అయిన షమ్స్ తబ్రీజీ దగ్గర సలాం చెప్పి, ఆ తర్వాత మెవ్లానా దగ్గరికి వెళ్తారు. రూమీని పండితుడి నుంచి ప్రేమికుడిగా మార్చింది షమ్సే కదా. ఆయన పేరున్న చిన్న మసీదు ఊరి నడిబొడ్డున, అలాద్దీన్ గుట్టకీ, రూమీ సమాధి ఉన్న మెవ్లానా మ్యూజియానికీ మధ్యలోనే ఉంటుంది. పది నిమిషాలు ఆగితే చాలు.

మెవ్లానా మ్యూజియం పచ్చటి గుమ్మటం దూరం నుంచే కనిపిస్తుంది. 1925లో టర్కీ ప్రభుత్వం సూఫీ మఠాలన్నిటినీ చట్టం చేసి మూసేసింది. 1927లో ఈ చోటు మ్యూజియంగా తెరుచుకుంది. సెమా మాత్రం 1950ల దాకా బహిరంగంగా జరగలేదు. 2008లో యునెస్కో దాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పేరుకి మ్యూజియమే గానీ లోపలికి వచ్చేవాళ్ళు చాలామంది చేతులు చాచి దువా చేస్తూ, కళ్ళు తుడుచుకుంటూ కనిపిస్తారు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. ఆడవాళ్ళు ఒక చున్నీ దగ్గర పెట్టుకుంటే మంచిది.

సమాధి చూసి బయటికి వచ్చేయకండి. ఆవరణలోనే మత్బా ఉంటుంది, అంటే దర్గా వంటిల్లు. పెద్ద పొయ్యి, కడాయిలు, మనుషులంత బొమ్మలతో పాత రోజుల్ని చూపించారు. తలుపు దగ్గర ఒక గొర్రెచర్మం పరిచి ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు మూడు రోజులు దానిమీద మోకాళ్ళేసుకుని కూర్చుని, నోరెత్తకుండా లోపల జరిగే పనంతా చూడాలి. ఈ బతుకు నావల్ల అవుతుందనుకుంటే ఉంటాడు, కాదనుకుంటే వెళ్ళిపోతాడు. ఉంటే అంట్లు తోమడం, బజారు పని, దీపాలు, నీళ్ళు, ఇలా 1001 రోజులు.

తిరగడం నేర్చుకునే పలక కూడా అక్కడే చూడండి. నున్నటి చదరపు చెక్క, మధ్యలో నున్నగా అరిగిన మేకు. ఎడమకాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఆ మేకుని ఇరికించుకుని, కుడికాలితో నెట్టుకుంటూ ఒంటికాలి మీద తిరగాలి. కాలు కోసుకుపోకుండా పలక మీద ఉప్పు చల్లేవారు. వాళ్ళ భోజనం మొదలయ్యేదీ ముగిసేదీ చిటికెడు ఉప్పుతోనే. పిల్లల్ని ఆ పలక ముందు కాసేపు నిలబెట్టండి. రాత్రి సెమాజెన్ ఎడమపాదం నేలకి అతుక్కున్నట్టు ఎందుకుంటుందో వాళ్ళకి అప్పుడు అర్థమవుతుంది.

నాలుగో పని: మధ్యాహ్నం భోజనం, కొద్దిగా బజారు

కోన్యా వంటల్లో మధ్యాహ్నమే తినాల్సింది ఫురున్ కెబాబ్. ఎముకతో ఉన్న గొర్రె మాంసాన్ని పెద్ద పళ్ళాల్లో పెట్టి, దాని కొవ్వులోనే, కట్టెల పొయ్యిలో గంటల తరబడి మగ్గనిస్తారు. ఉప్పు తప్ప మసాలా ఉండదు. మెత్తటి రొట్టె ముక్కల మీద వేసి, పక్కన పచ్చి ఉల్లిపాయ పెట్టి ఇస్తారు. ఫోర్కుతో కాకుండా చేత్తో తింటేనే బాగుంటుంది, ఊరివాళ్ళూ అలాగే తింటారు. మనకి మొదటి ముద్దకి చప్పగా అనిపిస్తుంది, మూడో ముద్దకి మాంసం రుచి తెలియడం మొదలవుతుంది. కారం లేనిదే గొంతు దిగనివాళ్ళు టేబుల్ మీద ఉండే పుల్ బిబెర్ చల్లుకోవచ్చు, అది ఎండుమిరప పలుకు. మధ్యాహ్నం దాటితే సరుకు అయిపోతుంది కాబట్టి పన్నెండున్నరకల్లా కూర్చోండి. బరువైన తిండి ఇది. మనిషికో ప్లేటు కాకుండా పంచుకునేలా చెప్పండి.

గొడ్డు మాంసం తినని ఇళ్ళవాళ్ళకి ముఖ్యమైన సంగతి. కుజు అంటే గొర్రె, దానా అంటే గొడ్డు మాంసం, తావుక్ అంటే కోడి. ఈ మూడు మాటలు ఫోన్‌లో రాసుకోండి. ఫురున్ కెబాబ్ గొర్రెదే గానీ, ఖీమాతో చేసే వాటిలో దానా కలిసే అవకాశం ఎక్కువ. ఆర్డర్ ఇచ్చే ముందు "దానా వర్ మి?" అని అడగండి. ఉందా అని అర్థం. మొహమాటపడక్కర్లేదు, వాళ్ళేం అనుకోరు.

శాకాహారులు కోన్యాలో కాస్త జాగ్రత్తగా ఉండాలి. "ఎత్‌సిజ్" అంటే మాంసం లేకుండా అని. అయితే పైకి మాంసం కనపడకపోయినా సూపుల్లో, అన్నంలో మాంసం ఉడికించిన నీళ్ళు పోస్తుంటారు. "ఎత్ సుయు వర్ మి?" అని కూడా అడిగితేనే ఖాయం. చీజ్ వేసి కాల్చిన పెయ్‌నిర్లి పిదే, బంగాళదుంపో పాలకూరో పెట్టి పెనం మీద కాల్చే గోజ్‌లెమె, టమాటా-గుడ్డు కలిపి చేసే మెనెమెన్ దాదాపు అంతటా దొరుకుతాయి. పెరుగు మాత్రం అద్భుతం. అన్నం లేనిదే నిద్రపట్టని పెద్దవాళ్ళుంటే ఇంటి నుంచి ఆవకాయ, పొడులు ఎలాగూ వస్తాయి కదా, హోటల్ రూములో రాత్రికి అవే దిక్కు.

భోజనమయ్యాక పాత బజారులో నడవండి. మెవ్లానా మ్యూజియం నుంచి నడిచివెళ్ళే దూరంలోనే ఉంటుంది. దారిలో అజీజియే మసీదు దగ్గర ఒక నిమిషం ఆగండి, కిటికీలు తలుపుల కంటే పెద్దవిగా ఉంటాయి. కూరగాయల బజారులో దండలు గుచ్చి వేలాడదీసిన ఎండు బెండకాయలు కనిపిస్తాయి. మన వేలి గోరంత కూడా ఉండవు. అమ్మమ్మలు, నానమ్మలు వెంట ఉంటే అక్కడ నుంచి కదలరు, అది మాత్రం రాసిపెట్టుకోండి. ఆ తర్వాత రూముకెళ్ళి గంటన్నర నిద్ర. దీన్ని ప్రోగ్రాములోంచి కొట్టేయకండి. మధ్యాహ్నం పడుకోని పిల్లాడు సెమా రెండో విడతకే మీ ఒళ్ళో వాలిపోతాడు.

ఐదో పని: ఐదింటికే రాత్రి భోజనం

సెమా ఏడింటికైతే ఐదుకల్లా తినడానికి కూర్చోవాలి. అయ్యాక తిందామనుకుంటే పిల్లలు ఆకలితో హాల్లోనే పేచీ పెడతారు.

ముందు బామ్యా చోర్బా చెప్పండి. ఆ ఎండు బెండకాయలతో చేసే పులుపు సూపు. బెండకాయల్ని నిమ్మరసంతో ఉడికిస్తారు కాబట్టి జిగురు ఉండదు. చిన్న చిన్న మాంసం ముక్కలు పడతాయి. బెండకాయ పులుసు ఇష్టమైనవాళ్ళకి మొదటి చెంచాకే ఇల్లు గుర్తొస్తుంది. కోన్యా పెళ్ళిళ్ళలో దీన్ని భోజనం మధ్యలో, హల్వా తిన్న తర్వాత వడ్డిస్తారు. తీపికి మొహం మొత్తిన నాలుకని ఆ పులుపు మళ్ళీ తిండి మీదికి తెస్తుంది. శాకాహారులకి ఎర్రపప్పుతో చేసే మెర్జిమెక్ చోర్బా ఉంది, మాంసం నీళ్ళ సంగతి అడిగాకే.

ఆ తర్వాత ఎత్లీ ఎక్మెక్. సన్నటి చెక్క పీట మీద, టేబుల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చే రొట్టె ఇది. పల్చగా సాగదీసిన పిండి మీద ఖీమా, ఉల్లిపాయ, టమాటా, మిరప పరిచి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు పెళపెళలాడుతుంటాయి, మధ్యలో కొవ్వు మెరుస్తుంటుంది. ముక్క తీసి, కొత్తిమీర లాంటి పార్స్లీ ఆకు వేసి, నిమ్మకాయ పిండి, చుట్టి కొరకాలి. చల్లారితే పిండి సాగిపోతుంది కాబట్టి ఫొటోలు రెండు చాలు. బిచాక్ ఆరాసు అని అడిగితే మెషీన్‌లో వేయకుండా కత్తితో తరిగిన మాంసంతో చేస్తారు. నా ఓటు దానికే, నమిలినప్పుడు మాంసం తెలుస్తుంది. చీజ్‌తో కావాలంటే పెయ్‌నిర్లి.

కోన్యా ఇళ్ళల్లో ఇది వండుకునే పద్ధతి నాకు భలే నచ్చుతుంది. కసాయి దగ్గర ఖీమాలో ఉల్లిపాయ, మిరప కలిపించుకుని, ఆ గిన్నె తీసుకెళ్ళి వీధిలోని పొయ్యివాడికి ఇస్తారు. పిండి అతనిది, కాల్చే పని అతనిది. వేడివేడిగా చుట్టబెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు. సాయంత్రం పూట గల్లీల్లో పొడుగాటి పొట్లాలు పట్టుకుని వెళ్ళేవాళ్ళు కనిపిస్తే అదే సంగతి.

తాగడానికి ఆయ్రాన్, అంటే ఉప్పు వేసిన చిక్కటి మజ్జిగ. ఈ ఊళ్ళో మామూలు హోటళ్ళలో మందు దొరకదు, ఆరోజు దాని అవసరమూ లేదు.

ఆరో పని: హాల్లో

కల్చరల్ సెంటర్ మ్యూజియానికి కిలోమీటరు దూరంలో ఉంది. నడిస్తే పావుగంట, పెద్దవాళ్ళుంటే ట్రామ్ ఎక్కండి. అరగంట ముందే చేరుకుని, పిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్ళి, ఫోన్లు సైలెంట్‌లో పెట్టి కూర్చోండి. మధ్యలో లేచి తిరగడం అక్కడ బాగుండదు. మరీ చిన్నపిల్లలుంటే నడవ పక్క సీటు తీసుకుని, ఏడుపు మొదలవగానే ఎవరో ఒకరు బయటికి తీసుకెళ్ళేలా ముందే అనుకోండి. చుట్టూ సీట్లు, మధ్యలో గుండ్రటి వేదిక. ముందు వరసల్లో పాదాలు బాగా కనిపిస్తాయి, కాస్త పైన కూర్చుంటే అందరూ కలిసి తిరిగే చక్రం మొత్తం కనిపిస్తుంది. నేనైతే పైనే కూర్చోమంటాను.

మొదట కొంతసేపు సంగీతం ఉంటుంది. ఆ తర్వాత సెమా వరస ఇలా నడుస్తుంది. ముందు ప్రవక్తని స్తుతిస్తూ ఒక్క గొంతు పాడుతుంది. కుదూమ్ అనే చిన్న నగారా మీద దెబ్బ పడుతుంది, అది సృష్టికి దేవుడిచ్చిన ఆజ్ఞ. ఆ తర్వాత నేయ్ అనే రెల్లు వేణువు ఒంటరిగా మోగుతుంది, అది ప్రాణం పోయడం. ఆ పది నిమిషాలూ వేదిక మీద ఎవరూ కదలరు. కళ్ళు మూసుకుని వినండి.

అప్పుడు నల్ల అంగీలతో అందరూ లేచి వేదిక చుట్టూ మూడుసార్లు నెమ్మదిగా నడుస్తారు. ఒక చివర ఎర్రటి గొర్రెచర్మం పరిచి ఉంటుంది, గురువు స్థానం అదే. దాని నుంచి ఎదుటి చివరకి కనపడని గీత ఒకటి ఉందని వాళ్ళ నమ్మకం. దాన్ని ఎవరూ తొక్కరు. అక్కడికి రాగానే ఒకరికొకరు ఎదురెదురుగా తిరిగి, కళ్ళలోకి చూసుకుని తల వంచుతారు. ఎదుటి మనిషిలో ఉన్న ప్రాణానికి పెట్టే సలాం అది. కాలివేళ్ళ పందెం గెలిచేది కూడా ఇక్కడే.

మూడు చుట్లూ అయ్యాక నల్ల అంగీలు కిందపడతాయి. చేతులు భుజాల మీద అడ్డంగా పెట్టుకుని, దేవుడొక్కడే అన్నట్టు ఒకటి అంకెలా నిటారుగా నిలబడి, గురువు అనుమతి తీసుకుని ఒక్కొక్కరే తిరగడం మొదలుపెడతారు. చేతులు మెల్లగా పూలు విచ్చుకున్నట్టు తెరుచుకుంటాయి. కుడి అరచెయ్యి ఆకాశం వైపు, ఎడమ అరచెయ్యి నేల వైపు. పైనుంచి అందుకున్నది తన దగ్గర ఉంచుకోకుండా కిందికి ఇచ్చేయడం. తిరిగేది ఎడమవైపుకి, గుండె చుట్టూ. తల కుడి భుజం మీదికి కొద్దిగా వాలి ఉంటుంది. కళ్ళు సగం తెరిచే ఉంటాయి గానీ దేన్నీ చూస్తున్నట్టుండవు. ఒంటికాలి మీద తిరిగే ఒకరి గౌను అంచు పక్కవాడి గౌనుకి తగలదు. నల్ల అంగీ తీయకుండా వాళ్ళ మధ్య నడిచే ఆయన సెమాజెన్ బాషీ. ఎవరు లోపలికి జరగాలో, ఎవరు అంచుకి పోవాలో చూపుతో, పాదం పెట్టే తీరుతో చెప్తుంటాడు.

ఇలా నాలుగు విడతలు. ఒక్కోదాన్ని సలాం అంటారు. విడతకీ విడతకీ మధ్య అందరూ ఒక్కసారిగా ఆగుతారు, గౌన్లు కాళ్ళకి చుట్టుకుని విడిపోతాయి, మనిషి మాత్రం తూలడు. మూడో సలాంలో సంగీతం జోరందుకుంటుంది. నాలుగో సలాంలో గురువు కూడా వేదిక మధ్యలోకి వచ్చి, అంగీ మెడ దగ్గర పట్టుకుని నెమ్మదిగా తిరుగుతాడు. వేణువు మళ్ళీ ఒంటరిగా మోగుతుంది. ఖురాన్ పఠనం, దువా, చివరికి అందరూ కలిసి దీర్ఘంగా "హూ" అంటారు. వాళ్ళు వెళ్ళేదాకా కూర్చుని, మాటల్లేకుండా లేచి రండి. ఎవరో ఒకరు చప్పట్లు కొట్టినా మీరు కలపకండి.

ఫ్లాష్‌తో ఫొటోలు తీయకండి. తలతిరిగే పనిలో ఉన్నవాళ్ళ కళ్ళలో వెలుగు కొడితే ప్రమాదం కూడా. వీడియో అనుమతిస్తే ఒక నిమిషం తీసి ఫోన్ జేబులో పెట్టేయండి. మిగతా గంటని కళ్ళతో చూడండి.

ఏడో పని: అయిపోయాక, మర్నాడు

బయటికొచ్చాక తీపి తినే వేళ. సాజ్ అరాసు దొరికితే తినండి, పల్చటి పిండి పొరల్ని చుట్టి కాల్చి పాకం పోస్తారు. పక్కన టీ, పాలుండవు, నల్లగా ఉంటుంది. "ఆచుక్" అంటే పల్చగా ఇస్తారు. పిల్లలకి యాపిల్ టీ. ఎవరికి ఏది నచ్చిందో మాట్లాడుకోవడానికి ఈ అరగంట చాలా అవసరం. సెమా చూస్తూ అణుచుకున్న ప్రశ్నలన్నీ పిల్లలు ఇప్పుడు బయటపెడతారు. కళ్ళు తిరగవా? వాళ్ళు ఇంటికెళ్ళి ఏం చేస్తారు? ఆడవాళ్ళు చేయరా? తెలిసినంత చెప్పండి, మిగతాది తిరుగు ప్రయాణంలో కలిసి వెతకండి.

ఆదివారం పొద్దున రైలుకి టైముంటే టాక్సీ తీసుకుని మెరామ్ వైపు వెళ్ళండి. వంటవాడు ఆతెష్‌బాజ్ వేలీకి అక్కడ సొంత సమాధి భవనం ఉంది, ఎర్రరాయితో కట్టిన చిన్న కట్టడం. 1285లో చనిపోయాడతను. ఒక వంటవాడికి గుమ్మటం కట్టిన ఊళ్ళు ఎన్నున్నాయో నాకైతే తెలీదు. అక్కడ గిన్నెలో ఉప్పు పెట్టి ఉంటుంది. వచ్చినవాళ్ళు చిటికెడు తీసుకెళ్ళి ఇంట్లో ఉప్పు డబ్బాలో కలుపుకుంటారు, వంటింట్లో బరకత్, అంటే సమృద్ధి ఉంటుందని నమ్మకం. మీకు నమ్మకం ఉంటే కాగితంలో చిటికెడు పొట్లం కట్టుకోండి.

ఊళ్ళోవాళ్ళకి పంచడానికి మెవ్లానా షెకెరి కొనండి, తెల్లటి చక్కెర బిళ్ళలు, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి. మ్యూజియం చుట్టుపక్కల దుకాణాల్లో కిలోల లెక్కన అమ్ముతారు. తడి తగలకుండా డబ్బాలో పెట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో వేయండి. ఎండు బెండకాయ దండలు కొంటే మాత్రం ఇండియాకి తెచ్చుకునే ముందు కస్టమ్స్ రూల్సు చూసుకోవాలి.

కోన్యా దాకా వెళ్ళే వీలు లేనివాళ్ళకి ఇస్తాంబుల్‌లో గలాటా మెవ్లెవీఖానే ఉంది, 1491లో కట్టింది, ఇప్పుడు మ్యూజియం. సెమా జరిగే రోజులు అక్కడ అడిగి తెలుసుకుని వెళ్ళండి. డిన్నర్ ప్లేట్లు వడ్డిస్తూ పక్కన సెమా చూపించే టూరిస్టు హోటళ్ళు కూడా ఉంటాయి, వాటికి వెళ్ళకండి. ప్రార్థన జరిగేచోట ఫోర్కుల చప్పుడు ఉండకూడదు. భోజనం ముందు కానివ్వండి, లేదా తర్వాత.